అనుకరించే హంతకుడి కథలో భయం ఎక్కడుంది? స్క్రీమ్ 2 ముందు పెట్టుకుని ఒక సమాధానం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: "ఇంజినీరింగ్ కాలేజీలో నడిచే స్లాషర్ కథ, అంటే హంతకుడు ఒక్కొక్కరినే చంపుకుంటూ పోయే హారర్ కథ, రాస్తున్నాను. పదేళ్ళ క్రితం అదే ఊళ్ళో వరుస హత్యలు చేసి చచ్చిపోయినవాణ్ణి అనుకరిస్తూ, ఇప్పుడు కొత్తవాడెవడో విద్యార్థులను చంపుతుంటాడు. ముందే తెలిసిన పద్ధతిలో చంపితే ఇక భయమేముంది అని ఫ్రెండ్స్ అంటున్నారు. స్క్రీమ్ 2 చూడమన్నారు, చూశాను. నచ్చింది కానీ ఎందుకు నచ్చిందో చెప్పలేకపోతున్నాను. చివర్లో హంతకుల కారణం మాత్రం తేలిపోయినట్టు అనిపించింది. ఈ సినిమా నుంచి నేను ఏం తీసుకోవాలి?"

మీ ఫ్రెండ్స్ అడిగింది మంచి ప్రశ్నే, కానీ సగం దగ్గర ఆగిపోయారు. హంతకుడి పద్ధతి ముందే తెలిస్తే భయం తగ్గుతుంది, నిజమే. అయితే ఆ పద్ధతి తమకు తెలుసు కాబట్టి ఎలాగైనా తప్పించుకోగలమని కథలో పాత్రలు నమ్మితే? వాళ్ళతో పాటు ప్రేక్షకుడూ నమ్మితే? అప్పుడు ఆ తెలిసిన పద్ధతే అందరి కళ్ళకు గంతలు కడుతుంది. అందరూ పద్ధతిని చూస్తుంటారు, పక్కన నిలబడ్డ మనిషిని ఎవరూ చూడరు. అనుకరించే హంతకుడికి అనుకరణే దాక్కునే చోటు. స్క్రీమ్ 2ను ఇన్నేళ్ళుగా మళ్ళీ మళ్ళీ చూస్తున్న నాకు అందులో అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఇదే.

నేను 22 ఏళ్ళుగా ఎడిటింగ్ గదుల్లో పనిచేస్తున్నాను. చేసినవాటిలో థ్రిల్లర్లే ఎక్కువ. ఈ సినిమాలో నాలుగైదు సీన్లను షాట్ల వారీగా నోట్‌బుక్‌లో రాసుకుని చదువుకున్నాను. అందుకే కాస్త వివరంగా చెబుతాను. సినిమా చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి. హంతకులెవరో, ఎవరెలా చనిపోతారో అన్నీ కింద ఉన్నాయి.

ముందు కొంచెం నేపథ్యం. మొదటి స్క్రీమ్ అమెరికాలో 1996 డిసెంబర్ 20న విడుదలైంది. దర్శకుడు వెస్ క్రేవెన్, రచయిత కెవిన్ విలియమ్సన్. రెండో భాగం 1997 డిసెంబర్ 12న, ఏడాది కూడా నిండకముందే వచ్చేసింది. ఇంత తొందరగా తీసిన సీక్వెల్ సాధారణంగా చతికిలపడుతుంది. ఇది పడకపోవడానికి ఒక కారణం, విలియమ్సన్ మొదటి స్క్రిప్ట్ అమ్మినప్పుడే రెండు సీక్వెల్స్‌కి ఐదేసి పేజీల కథాసారాంశాలు జతచేసి ఇచ్చాడు. అంటే రెండో కథ మొదటి కథలోంచే మొలిచింది. హిట్టయింది కదా అని తర్వాత అతికించింది కాదు. మీరు "పదేళ్ళ క్రితం జరిగిన హత్యలు" అని ఒక్క వాక్యంలో దాటేశారు. ఆ పాత కథను కనీసం ఐదు పేజీలు రాసుకోండి, తెర మీద ఒక్క షాట్ కూడా కనబడకపోయినా సరే. పాత హంతకుడు ఎవరు, వాడి ఇంట్లో ఎవరెవరున్నారు, వాడు పోయాక వాళ్ళేమయ్యారు అన్నది మీకు తెలియకపోతే, కొత్తవాడు దేన్ని అనుకరిస్తున్నాడో కూడా మీకు తెలియనట్టే.

ఈ సినిమాల వెనక ఒక నిజమైన విషాదం ఉంది. 1990 ఆగస్టులో ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్ అనే యూనివర్సిటీ పట్టణంలో, విద్యా సంవత్సరం మొదలయ్యే రోజుల్లో, ఐదుగురు విద్యార్థులు హత్యకు గురయ్యారు. హంతకుడు డ్యానీ రోలింగ్. అతనికి 2006 అక్టోబర్ 25న మరణశిక్ష అమలు చేశారు. విలియమ్సన్ ఒకసారి వేరేవాళ్ళ ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఆ హత్యల గురించిన టీవీ కార్యక్రమం చూశాడు. చూస్తుండగా ఆ ఇంట్లో ఒక కిటికీ తెరిచి ఉన్న సంగతి గమనించి వణికిపోయాడు. స్క్రీమ్ బీజం అక్కడే పడింది. గమనించండి, ఆ హత్యల వివరాలేవీ ఆయన సినిమాలో పెట్టలేదు. తీసుకున్నది తెరిచి ఉన్న కిటికీని చూసినప్పటి భయం ఒక్కటే. మీ కథకు మన దగ్గర జరిగిన కేసు ఏదైనా ఆధారమైతే ఈ హద్దు మీరూ పాటించండి. బిడ్డలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఇంకా ఉంటారు. వాళ్ళ దుఃఖం మన ఇంటర్వెల్ సీన్ కాకూడదు.

ఇక సినిమాలోకి వద్దాం. మొదటి భాగంలో వుడ్స్‌బరో అనే చిన్న ఊళ్ళో జరిగిన హత్యల మీద, రెండో భాగం కథలో 'స్టాబ్' అనే సినిమా తీసి ఉంటారు. దాని ప్రత్యేక ప్రదర్శనతోనే స్క్రీమ్ 2 మొదలవుతుంది. థియేటర్ వాళ్ళు వచ్చినవాళ్ళకల్లా హంతకుడి ముసుగులు, నల్ల గౌన్లు పంచిపెడతారు. హాలు నిండా ముసుగులే. ఉత్తుత్తి కత్తులు ఝుళిపిస్తూ సీట్ల మధ్య పరిగెడుతుంటారు, ఈలలు, అరుపులు. మోరీన్, ఫిల్ అనే ఇద్దరు కాలేజీ విద్యార్థులు ఈ గోలలోకి వచ్చి కూర్చుంటారు. ఫిల్ బాత్రూమ్‌కి వెళ్తాడు. పక్క గదిలో ఎవరో గుసగుసలాడుతున్నట్టు వినిపిస్తే గోడకి చెవి ఆనిస్తాడు. ఆ గోడలోంచే కత్తి దిగుతుంది. తర్వాత హంతకుడు ఫిల్ జాకెట్ వేసుకుని, ముసుగుతోనే వచ్చి మోరీన్ పక్కన కూర్చుంటాడు. హాల్లో అందరూ ముసుగులే కాబట్టి ఆమెకు అనుమానం రాదు. తెర మీద స్టాబ్‌లో హత్య జరుగుతున్న సమయానికే హాల్లో ఆమెను పొడుస్తాడు. ఆమె రక్తంతో తెర ముందున్న వేదిక ఎక్కుతుంది. జనం ఇంకా కేరింతలు కొడుతూనే ఉంటారు, ఇదంతా పబ్లిసిటీ కోసం అనుకుని. ఆమె చివరి కేక తర్వాత గాని ఒక్కొక్కరే ముసుగు తీసి నోరు మెదపకుండా చూడరు.

మన బెనిఫిట్ షోలలో నిలబడ్డవాళ్ళకి ఈ సీన్ ఎవరూ వివరించక్కర్లేదు. పేపర్లు ఎగురుతూ, ఈలల్లో పక్కవాడి మాట కూడా వినపడని ఆ హాల్లో ఎవరైనా నిజంగా సాయం కోసం అరిస్తే ఎవరికి తెలుస్తుంది? నేను ఈ సీన్ మొదటిసారి అద్దె వీసీడీలో, చిన్న టీవీలో చూశాను. మరుసటి వారం ఒక పెద్ద సినిమా తెల్లవారుజాము ఆటకి వెళ్ళినప్పుడు, చుట్టూ ఉన్న గోల నాకు మొదటిసారి వేరేగా వినిపించింది.

నిర్మాణపరంగా ఈ పదమూడు పద్నాలుగు నిమిషాలు ఏం చేశాయో చూడండి. నిజంగా జరిగిన హత్యలు, వాటి మీద తీసిన సినిమా, ఆ సినిమా ఆడుతుండగా దాన్ని అనుకరిస్తూ జరిగిన హత్య. ఒకదాని మీద ఒకటి మూడు పొరలు. పైగా మొదటి భాగంలో హంతకులు కూడా పాత హారర్ సినిమాలు చూసి నేర్చుకున్నవాళ్ళే. అంటే ఇది కాపీకి కాపీ. స్టాబ్‌లో అసలు సంఘటనకి లేని స్నానం సీన్ ఒకటి చేర్చి ఉంటారు. అనుకరించేవాడు ఎప్పుడూ ఉన్నది ఉన్నట్టు చేయడు, తనకు కావలసింది కలుపుతాడు. రెండో భాగంలో అనుకరించేవాడి గురించి మనకు అందిన మొదటి ఆధారం నిజానికి ఇదే, చూస్తున్నప్పుడు మాత్రం ఎవరికీ అలా అనిపించదు. మీ కొత్త హంతకుడు పాత హత్యకు ఏం కలుపుతున్నాడు? ఆ కలిపినదే వాడి సంతకం. మీ స్క్రిప్ట్‌లో ఇది తేల్చుకోకుండా రెండో సీన్ రాయొద్దు.

ఇప్పుడు అసలు విషయం, పేర్ల వరుస. వుడ్స్‌బరో హత్యల నుంచి బతికి బయటపడ్డ సిడ్నీ ఇప్పుడు విండ్సర్ కాలేజీలో నాటకరంగం చదువుతుంటుంది. మొదటి మూడు హత్యల తర్వాత టీవీ రిపోర్టర్ గేల్ ఒక సంగతి పసిగడుతుంది. చనిపోయినవాళ్ళ పేర్లు పాత మృతుల పేర్లకు సరిపోతున్నాయి. మోరీన్ ఇవాన్స్ అంటే సిడ్నీ తల్లి మోరీన్ ప్రెస్కాట్. ఫిల్ ఇంటిపేరు స్టీవెన్స్, పాత మృతుడు స్టీవ్. హాస్టల్లాంటి సొరోరిటీ ఇంట్లో చనిపోయిన సీసీ అసలు పేరు కేసీ కూపర్, పాతది కేసీ బెకర్. ఈ క్షణంలో ప్రేక్షకుడికి గొప్ప ఊరట దొరుకుతుంది. హంతకుడు దొరికిపోయినంత సంతోషం. ఇక తర్వాతి పేరు ఎవరిదో చూసుకుంటే చాలు కదా అనుకుంటాం.

ఆ తర్వాత ఆ వరుసను హంతకుడు పట్టించుకోడు. సినిమా దాన్ని గట్టిగా ప్రకటించదు కూడా. హత్యలు జరుగుతూనే ఉంటాయి, పేర్లు మాత్రం కలవవు. పేర్ల వరుస పోలీసులకీ, గేల్‌కీ, మనకీ వేసిన ఎర. ఎర పని అయిపోయింది. మీరు అడిగిన "తెలిసిన పద్ధతిలో భయమేముంది" అనేదానికి ఇదే జవాబు. పద్ధతి తెలిసేలా చేయండి, పాత్రలచేతే కనిపెట్టించండి, వాళ్ళకు కొండంత ధైర్యం ఇవ్వండి, ఆ తర్వాత దాన్ని చడీచప్పుడు లేకుండా వదిలేయండి. చాలామంది రచయితలు పద్ధతిని చివరి దాకా లాగుతారు, ఎందుకంటే కష్టపడి అల్లారు కాబట్టి వదలబుద్ధి కాదు. నేను ఎడిట్ చేసిన ఒక థ్రిల్లర్‌లో ఇలాగే ఏడు హత్యలూ ఒకే లెక్కలో నడిచాయి. టెస్ట్ షోలో నాలుగో హత్య దగ్గర నుంచి జనం ఫోన్లు చూసుకోవడం మొదలుపెట్టారు. తర్వాత ఎవరు చస్తారో, ఎక్కడ చస్తారో వాళ్ళకు తెలిసిపోయింది. మేము రెండు హత్యలు తీసేసినా లాభం లేకపోయింది, తప్పు అల్లికలోనే ఉంది.

పద్ధతి తెగిందని స్క్రీమ్ 2 మనకు చెప్పేది రాండీ చావుతో. రాండీ అంటే సినిమాల పిచ్చివాడు. మొదటి భాగంలో హారర్ సినిమాల సూత్రాలు వల్లెవేసి బతికినవాడు. ఈ భాగంలో సీక్వెల్స్ సూత్రాలు కూడా అతనే చెబుతాడు. సూత్రాలు తెలిసినవాడు చావడని మన నమ్మకం. క్రేవెన్ అతన్ని పట్టపగలు, కాలేజీ పచ్చిక మైదానంలో, వందల మంది తిరుగుతుండగా చంపించాడు. హంతకుడు ఫోన్ చేస్తాడు, తాను వాళ్ళను చూస్తున్నానని చెబుతాడు. రాండీ అతన్ని మాటల్లో పెడుతుంటే గేల్, మొదటి భాగంలో వుడ్స్‌బరో పోలీసుగా కనిపించిన డ్యూయీ మైదానంలో ఫోన్ చెవికి ఆనించిన ప్రతివాడి దగ్గరికీ పరిగెత్తి చూస్తుంటారు. మాట్లాడుతూ మాట్లాడుతూ రాండీ ఒక న్యూస్ వ్యాన్ పక్కకి వస్తాడు. తలుపు తెరుచుకుని చెయ్యి లోపలికి లాగేస్తుంది. సరిగ్గా అప్పుడే పెద్ద టేప్ రికార్డర్‌తో పాటలు పెట్టుకుని కొందరు కుర్రాళ్ళు ఆ పక్కనుంచి వెళ్తారు. అతని కేకలు ఆ పాటలో కలిసిపోతాయి. చీకటి లేదు, ఒంటరి ఇల్లు లేదు, ఉరుములు లేవు. ఈ జానర్ భయం కోసం పెట్టుకునేవి ఏవీ లేకుండానే ఇంత భయం పుట్టించారు.

సినిమా సగం దాటాక వచ్చే ఈ చావు మన లెక్కలో ఇంటర్వెల్. మన సినిమాకి ఇంటర్వెల్ తప్పదు కాబట్టి మీకు ఇదొక వరం అనుకోండి. ఇంటర్వెల్ కార్డు పడేసరికి ప్రేక్షకుడు పట్టుకున్న కొమ్మ విరగాలి. హంతకుడి ముఖం చూపించడమో, హీరోకి ఛాలెంజ్ విసరడమో కాదు. వాడి పద్ధతి తెలుసన్న ధైర్యం ఎవరి దగ్గర ఎక్కువుందో ఆ మనిషినే తీసేయండి. క్యాంటీన్‌కి వచ్చిన జనం మాట్లాడుకునేది ఆ ఖాళీ గురించే అవుతుంది.

ఇంకో రెండు సీన్ల గురించి చెప్పకుండా ఉండలేను, నా పనికి దగ్గరవి కాబట్టి. మొదటిది రికార్డింగ్ స్టూడియో. గేల్ శబ్దం బయటికి పోని గదిలో ఇరుక్కుంటుంది. అద్దానికి అవతల డ్యూయీ కనిపిస్తాడు. అతని వెనకాల హంతకుడు వస్తుంటాడు. ఆమె అరుస్తుంది, అతనికి వినబడదు. అద్దం మీద కొడుతుంది. అతను చూసే లోపే కత్తి దిగుతుంది. ఇద్దరి మధ్య ప్రేమ మొలకెత్తుతున్న రోజులవి. చూస్తూ ఏమీ చేయలేకపోవడం, పిలిచినా వినబడకపోవడం. మొదటి సీన్‌లో గోల వల్ల కేక వినబడలేదు, మైదానంలో పాట వల్ల వినబడలేదు, ఇక్కడ అద్దం వల్ల వినబడలేదు. ఈ సినిమా మొత్తాన్ని శబ్దం వైపు నుంచి చూస్తే, వినబడని కేకల వరుస కనిపిస్తుంది. హంతకుడు పేర్లు కాపీ కొడుతుంటే దర్శకుడు ఈ వరుసను ఎవరికీ చెప్పకుండా నడిపాడు. సిడ్నీ నాటకంలో వేసే పాత్ర కూడా కాసాండ్రా. గ్రీకు పురాణంలో ఆమె చెప్పే జోస్యాలన్నీ నిజాలే, కానీ ఎవరూ నమ్మకూడదని ఆమెకు శాపం. ఆ రిహార్సల్‌కి సంగీతం డ్యానీ ఎల్ఫ్‌మన్ ప్రత్యేకంగా చేశాడు, మిగతా సినిమాకి మార్కో బెల్ట్రామి. ముసుగులు వేసుకున్న బృందం ఆమె చుట్టూ తిరుగుతుంటే వాళ్ళ మధ్యలో ఆమెకు హంతకుడి ముసుగు కనిపిస్తుంది. చెబితే నమ్మేవాళ్ళు లేరు.

రెండోది కారు సీన్. సిడ్నీని, ఆమె రూమ్‌మేట్ హ్యాలీని పోలీసులు కారులో తీసుకెళ్తుంటే హంతకుడు దాడి చేసి ఒక పోలీసును చంపి, తనే స్టీరింగ్ పట్టుకుంటాడు. కారు గుద్దుకుని రెండో పోలీసు చనిపోతాడు, హంతకుడు డ్రైవర్ సీట్లో స్పృహ తప్పి పడి ఉంటాడు. వెనక తలుపులు లోపల్నుంచి తెరుచుకోవు, పోలీసు కారు కదా. బయటపడాలంటే ముందు సీట్లోకి దూరి, వాడి ఒంటి మీదుగా కిటికీలోంచి పాకాలి. ఒకరి తర్వాత ఒకరు. ఇక్కడ కత్తి లేదు, పరుగు లేదు, దాదాపు సంగీతం కూడా లేదు. నేను ఎడిటింగ్ నేర్చుకునే పిల్లలకు ఈ సీన్ చూపించి ఒకే మాట చెబుతాను, ఇందులో ఏ షాట్ ఒక్క సెకను తగ్గినా భయం పోతుంది. ఆలస్యమే భయం. బయటపడ్డాక సిడ్నీ ముసుగు తీసి చూద్దామని వెనక్కి వెళ్తుంది. ఆమె వెళ్ళేసరికి సీటు ఖాళీ. హ్యాలీ చనిపోతుంది. పారిపోకుండా వెనక్కి వెళ్ళినందుకు ప్రేక్షకుడు ఆమెను తిట్టుకుంటాడు, కానీ ఆమె ఎందుకు వెళ్ళిందో అర్థం చేసుకుంటాడు కూడా. ముసుగు వెనక ఎవరున్నారో తెలియకుండా ఇంకో రోజు బతకడం ఆమె వల్ల కాదు. మీ పాత్ర తెలివితక్కువ పని చేయాల్సి వస్తే, దానికి ఇలాంటి కారణం ఉండాలి.

ముసుగు మాట వచ్చింది కాబట్టి చిన్న విషయం. హాలోవీన్‌లో (1978) హంతకుడు మైకేల్ మైయర్స్ ఎప్పుడూ తొందరపడడు, తడబడడు, చంపినా లేస్తాడు. అతను దాదాపు దయ్యం. గోస్ట్‌ఫేస్, అంటే స్క్రీమ్ సినిమాల ముసుగు హంతకుడు, అలా కాదు. కుర్చీ తగిలితే బోర్లా పడతాడు, సీసా తగిలితే తూలుతాడు, తలుపు ముఖానికి కొట్టుకుంటుంది. తడబడుతున్నాడు కాబట్టి లోపల మనిషే ఉన్నాడు. మనిషే అయితే అది మన పక్కన కూర్చునేవాడే కావచ్చు. అనుకరించే హంతకుడి కథకి ఈ తడబాటు ప్రాణం. మీ స్క్రిప్ట్‌లో మీరు పంపిన ఆరు పేజీల్లో హంతకుడు మూడు అంతస్తులు ఎగిరి దూకాడు. ఆ సీన్ తీసేయండి. వాడు ఆయాసపడాలి.

ఇక మీ అసంతృప్తి, చివర్లో కారణం తేలిపోయిందన్నారు. సగం ఒప్పుకుంటాను. ఇద్దరు హంతకులు. ఒకడు మిక్కీ, సిడ్నీతో చదివే సినిమా విద్యార్థి. వాడికి పట్టుబడాలని ఉంది. కోర్టులో నిలబడి, సినిమాలే నన్నిలా చేశాయని వాదించి పేరు తెచ్చుకోవాలని వాడి కోరిక. రెండో మనిషి డెబ్బీ సాల్ట్ అనే స్థానిక రిపోర్టర్ వేషంలో తిరిగిన మిసెస్ లూమిస్, మొదటి భాగపు హంతకుడు బిల్లీ తల్లి. మిక్కీని ఇంటర్నెట్‌లో వెతికి పట్టుకుని, చదువుకి డబ్బు కట్టి తెచ్చుకున్నది ఆమే. పని అయ్యాక అతన్నే కాల్చేస్తుంది.

మిక్కీ కారణం నాకూ పలచగానే అనిపిస్తుంది. తరగతిలో సినిమాలు హింసకి కారణమా అనే చర్చ వస్తుంది, వాడు చేతిలో కెమెరాతో తిరుగుతుంటాడు, అంతకు మించి వాడి లోపలికి సినిమా వెళ్ళలేదు. వాడు నోరు విప్పి తన ప్లాన్ చెప్పే దాకా మనకు వాడంటే ఏ భావమూ ఉండదు. స్క్రిప్ట్ షూటింగ్ సమయంలోనే ఇంటర్నెట్‌లో లీకైంది, కథ మళ్ళీ మళ్ళీ రాశారు. ఆ తొందర మిక్కీ పాత్ర మీద పడిందేమో అని నా అనుమానం. కానీ వాడి ఆలోచన మాత్రం గాలిలోంచి పుట్టింది కాదు. ఈ సినిమా విడుదలైన నెల రోజులకే, 1998 జనవరిలో, కాలిఫోర్నియాలో ఇద్దరు టీనేజ్ కుర్రాళ్ళు తమ ఇంట్లో ఒక స్త్రీని చంపి, ఈ సినిమాల పేరే చెప్పారు. చనిపోయింది వాళ్ళలో ఒకడి తల్లి. నిజంగా అలాంటి మాట వినబడగలదని రచయిత ముందే ఊహించాడు.

తల్లి విషయంలో మాత్రం నేను సినిమా వైపు నిలబడతాను. మొదటి స్క్రీమ్ మొదటి సీన్ గుర్తు తెచ్చుకోండి. ఫోన్‌లో హంతకుడు కేసీ బెకర్‌ని ఒక ప్రశ్న అడుగుతాడు, ఫ్రైడే ద థర్టీన్త్ (1980) లో హంతకుడు ఎవరని. ఆమె జేసన్ అంటుంది. తప్పు. ఆ సినిమాలో హంతకుడు జేసన్ కాదు, కొడుకు చావుకి పగ తీర్చుకోవడానికి వచ్చిన అతని తల్లి. ఆ తప్పు జవాబుకి కేసీ స్నేహితుడి ప్రాణం పోతుంది. ఏడాది తర్వాత వచ్చిన రెండో భాగంలో హంతకురాలు ఎవరు? కొడుకు చావుకి పగ తీర్చుకోవడానికి వచ్చిన తల్లి. జవాబు మన చేతికి ముందే ఇచ్చేశారు. మనం జేసన్ అనే పేరు వైపు చూసినట్టే, ఇక్కడ కాలేజీ కుర్రాళ్ళ వైపు, పేర్ల వరుస వైపు చూస్తూ ఉండిపోయాం. కళ్ళెదుటే రిపోర్టర్‌గా తిరుగుతున్న స్త్రీని పట్టించుకోలేదు. ఆమెది సినిమాల పిచ్చి కాదు, పేరు కోసం కాదు. బిడ్డ పోయిన కోపం. ఆ కోపం కాపీ కాదు. ఎవరో చేసిన హత్యల నకలు వేషంలో తన సొంత పగ తీర్చుకుంది. మీ కథలోనూ అనుకరణ కింద అనుకరణ కానిది ఒకటి ఉండాలి. పాత హంతకుడి మీద అభిమానంతో చంపుతున్నాడు అని మీరు రాసిన కారణం ముసుగు దగ్గరే ఆగిపోయింది. దాని వెనక ఎవరున్నారు?

ఇక్కడే సినిమాలో ఒక లోపం కూడా ఉంది. పాత కేసు మీద పుస్తకం రాసిన గేల్, ఆ కేసులోని హంతకుడి తల్లిని ఇన్నిసార్లు ఎదురుపడినా గుర్తుపట్టదు. మనిషి చాలా మారిపోయిందని చివర్లో ఒక మాటలో సర్దేశారు. నాకు అది సరిపోలేదు. మన దగ్గరైతే ఇది అసలు నప్పదు. హంతకుడి తల్లి ఊరు మారినా బంధువులో, ఆధార్ కార్డో, పాత ఫొటోనో ఆమెను పట్టిస్తాయి. మీ హంతకుడు పాతవాడి కుటుంబంలోవాడైతే, అతన్ని ఎవరూ ఎందుకు గుర్తుపట్టలేదో ముందే తేల్చుకోండి. అప్పుడు మరీ చిన్నపిల్లాడా, తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుని ఇంటిపేరు మారిందా, లేక ఊరందరికీ తెలిసి కూడా జాలితో నోరు మెదపలేదా? నాకు మూడోది నచ్చుతుంది. కాలేజీ క్యాంటీన్‌లో అందరూ ప్రేమగా చూసే ఒక మనిషి, ఎవరి పక్కన నిలబడినా ఎవరికీ అనుమానం రాని మనిషి.

మీరు ఫోన్ల గురించి కూడా అడిగారు, ఈ రోజుల్లో నంబర్ ట్రేస్ చేస్తే అయిపోతుంది కదా అని. 1997లో మైదానంలో ఫోన్ పట్టుకున్నవాళ్ళు పదిమంది ఉంటేనే అది భయం. ఇప్పుడు మీ క్యాంపస్‌లో ఫోన్ చేతిలో లేనివాడే లేడు. ఆ సీన్‌ను తిప్పి చూడండి. హంతకుడు ఫోన్ చేయనక్కర్లేదు. చనిపోయిన అమ్మాయి ఫోన్ హంతకుడి దగ్గరుంది. హాస్టల్ వాట్సాప్ గ్రూప్‌లో ఆమె పేరుతో "వస్తున్నా, తలుపు తీసి ఉంచండి" అని మెసేజ్ వస్తుంది. ఆమె ఇక లేదని గ్రూప్‌లో ఎవరికీ తెలియదు. నలుగురు బొటనవేలు గుర్తు పెడతారు. ఒకమ్మాయి లేచి గడియ తీస్తుంది.